చీటీ వెనక వాటా!

ఒంట్లో నలతగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళతాం. ఆయన చూసి, చీటీ మీద నాలుగు పరీక్షలు రాసి 'ఫలానా సెంటర్లో చేయించుకు రండి' అంటాడు. ఆ సెంటరే ఎందుకని అడగం. అడగాలన్న ఆలోచనే రాదు. ఆ నమ్మకం మీదే వైద్యం నడుస్తోంది. మరి ఆ చీటీ వెనక ఒక వాటా ఉంటే? అది మన జేబులోంచే పోతూ, ఆ సంగతి మనకొక్కరికే తెలియకపోతే?

2017 చివర్లో ఆదాయపు పన్ను శాఖ అధికారులు బెంగళూరులో రెండు సంతాన సాఫల్య కేంద్రాల మీద, ఐదు డయాగ్నస్టిక్ సెంటర్ల మీద దాడులు చేశారు. వాళ్లు వెతుకుతున్నది లెక్కల్లో చూపని డబ్బు. అది దొరికింది. వంద కోట్ల రూపాయలకు పైగా ఆదాయాన్ని దాచిపెట్టారని శాఖ ప్రకటించింది. దాంతోపాటే మరో చిట్టా కూడా బయటపడింది. రోగుల్ని పంపినందుకు ఏ డాక్టరుకు ఎంత ముట్టిందో రాసుకున్న చిట్టా అది!

ఎమ్మారై స్కాన్‌కి పంపితే బిల్లులో 35 శాతం. సీటీ స్కాన్‌కీ, ల్యాబ్ పరీక్షలకీ 20 శాతం. ఆదాయపు పన్ను శాఖ చెప్పిన లెక్కలే ఇవి. ఒక్క ల్యాబ్‌లోనే ఈ 'రిఫరల్ ఫీజు' 200 కోట్ల రూపాయలు దాటిందట!

కవర్లలో కమిషన్

ఆ డబ్బు చేతులు మారే తీరు చూస్తే ఎంత పకడ్బందీగా నడిచిందో అర్థమవుతుంది. కొందరికి పదిహేను రోజులకోసారి నగదు. కొందరికి ముందే అడ్వాన్సు. కవర్లలో పెట్టి డాక్టర్లకు అందించడానికి ప్రత్యేకంగా ఏజెంట్లు. ఇంకొన్ని చోట్ల వ్యవహారమంతా చెక్కుల మీదే. డాక్టర్ని తమ సెంటర్లో కన్సల్టెంటుగా నియమించుకున్నట్టు ఒప్పందం రాసుకుంటారు. ఆయన ఆ సెంటరుకు రానక్కర్లేదు, రోగిని చూడనక్కర్లేదు, రిపోర్టు రాయనక్కర్లేదు. నెలనెలా 'ప్రొఫెషనల్ ఫీజు' మాత్రం వెళ్లిపోతుంది. పుస్తకాల్లో కొన్నిచోట్ల ఇది మార్కెటింగ్ ఖర్చు.

ఇంతకన్నా విచిత్రమైన కేసు పంజాబ్-హర్యానా హైకోర్టు ముందుకొచ్చింది. ఒక డయాగ్నస్టిక్ సెంటరు తాను డాక్టర్లకిచ్చిన కమిషన్‌ని దాచుకోలేదు. అది తన వ్యాపార ఖర్చనీ, దాని మీద పన్ను మినహాయింపు ఇవ్వాలనీ కోరింది. కోర్టు కాదంది. వైద్యులు ఇలాంటి కమిషన్ తీసుకోవడం నిషేధం, నిషేధించిన పనికి పెట్టిన ఖర్చు వ్యాపార ఖర్చు ఎలా అవుతుందని 2010లో తీర్పిచ్చింది. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకల విషయంలో సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో ఇలాంటి మాటే చెప్పింది. కంపెనీలు వాటిని ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదంది. ఆ కానుకల విలువంతా చివరికి మందుల ధరలో చేరి రోగి మీదే పడుతుందని కూడా గుర్తుచేసింది.

గమనించారా? ఈ వ్యవహారాలన్నీ బయటికొచ్చింది పన్ను లెక్కల్లోంచే. మోసపోయిన రోగి ఫిర్యాదు చేస్తే బయటపడినవి కావు. ఎలా చేస్తాడు? తన బిల్లులో కమిషన్ అనే గడి ఉండదుగా!

ఆ 2,100 ఎవరివి?

చిన్న లెక్క వేద్దాం. ఒక ఎమ్మారై స్కాన్ ఖరీదు 6,000 రూపాయలు అనుకుందాం. బెంగళూరులో బయటపడిన 35 శాతం ప్రకారం అందులో 2,100 పంపిన డాక్టరుకు వెళతాయి. అంటే మిగిలిన 3,900తోనే ఆ సెంటరు స్కాన్ తీస్తోంది, సిబ్బందికి జీతాలిస్తోంది, కరెంటు బిల్లు కడుతోంది, లాభమూ చూసుకుంటోంది. కమిషన్ లేకపోతే ఆ ఇల్లు 2,100 మిగుల్చుకునేది. కూలి పనికెళ్లే కుటుంబానికి అవి రోజుల తరబడి రెక్కల కష్టం.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో మన దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచి పెట్టుకున్నదే. 2013-14లో అది 64.2 శాతం. తగ్గిన మాట నిజమే. అయినా ఇప్పటికీ పుస్తెలు తాకట్టు పెట్టి ఆసుపత్రి బిల్లు కట్టే ఇళ్లకు కొదవలేదు. ఆ తాకట్టు డబ్బులోంచే ఈ వాటా తీస్తున్నారు.

ఊరి డాక్టరు నుంచి కార్పొరేట్ దాకా

ఒక డాక్టరు ఇంకో డాక్టరు దగ్గరికి రోగిని పంపడంలో తప్పేమీ లేదు. పంపాల్సిందే. గుండెలో నొప్పంటే గుండె నిపుణుడు చూడాలి. కంటి జబ్బుకి కంటి డాక్టరు కావాలి. ఎవరి దగ్గరికి వెళ్లాలో మనకు తెలియదు కాబట్టే, తెలిసిన డాక్టరు మాట వింటాం. 'ఎవరు బాగా చూస్తారు?' అన్న ప్రశ్న స్థానంలో 'ఎవరు ఎక్కువ ఇస్తారు?' అన్నది వచ్చి కూర్చున్నప్పుడే చిక్కంతా.

మన పల్లెల్లో ఈ గొలుసు ఆర్‌ఎంపీ దగ్గర మొదలవుతుంది. అర్ధరాత్రి జ్వరమొచ్చినా తలుపు తీసేది ఆయనే. సూదిమందు వేసి, డబ్బులు పంట చేతికొచ్చాక ఇవ్వమనేదీ ఆయనే. పెద్ద జబ్బయితే ఆటోలో ఎక్కించుకుని టౌనుకు తీసుకెళ్లేదీ ఆయనే. ఊళ్లో ఆయన మాటంటే వేదం. నర్సింగ్‌హోమ్‌లకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే పీఆర్‌ఓలను పెట్టుకుని ఊరూరా తిప్పుతారు. తెచ్చిన కేసును బట్టి ఆర్‌ఎంపీకి ఇంత అని ముడుతుంది. మందులతో నయమయ్యే కేసు కన్నా ఆపరేషన్ కేసుకి ఎక్కువ. కొన్నిచోట్ల అంబులెన్సు డ్రైవర్లదీ ఇదే కథ. రోగిని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలా, డబ్బులిచ్చే ఆసుపత్రికి తీసుకెళ్లాలా అన్నది దారిలోనే తేలిపోతుంది.

టౌన్లో డాక్టర్లకూ ఒత్తిళ్లుంటాయి. లక్షలు పోసి పీజీ చేసి, అప్పు తెచ్చి క్లినిక్కు పెట్టిన కుర్ర డాక్టరు మొదటి ఆరు నెలలు ఖాళీ కుర్చీల వంక చూస్తూ కూర్చుంటాడు. 'కమిషన్ ఇవ్వను' అంటే కేసు పక్క వీధికి పోతుంది. స్కానింగ్ సెంటరు వాళ్లదీ అదే బాధ. ఎమ్మారై యంత్రమంటే కోట్ల రూపాయల సరుకు. రోజుకిన్ని స్కాన్లు తీస్తేగానీ బ్యాంకు వాయిదా కట్టలేరు. యంత్రం ఖాళీగా ఉండకూడదు, అందుకు చీటీలు కావాలి, చీటీలు కావాలంటే వాటా ఇవ్వాలి. ఒకరు మొదలుపెడితే పక్కవాళ్లూ మొదలుపెట్టక తప్పని పరిస్థితి. చివరికి నిజాయితీగా ఉండే సెంటరే నష్టపోతుంది.

పోయేది డబ్బొక్కటే కాదు

కమిషన్ వల్ల బిల్లు పెరుగుతుంది, అంతేగా... అనుకుంటే పొరపాటు. అవసరం లేని పరీక్షలూ పెరుగుతాయి. డాక్టర్ల మధ్య 'సింక్ టెస్ట్' అని ఒక మాట వాడుకలో ఉంది. అవసరం లేకుండా రాసిన పరీక్షకు రక్తం తీసుకుంటారు, పరీక్ష చేయకుండానే సింకులో పారబోస్తారు, అంతా మామూలుగానే ఉందని రిపోర్టు ఇస్తారు. నవ్వొచ్చే మాటే. ఆ రిపోర్టు పట్టుకుని 'హమ్మయ్య' అనుకున్న మనిషికి నిజంగా జబ్బుంటే మాత్రం నవ్వు రాదు.

సీటీ స్కాన్ అనవసరంగా తీస్తే ఒంటికి అనవసరంగా రేడియేషన్ తగులుతుంది. అవసరం లేని ఆపరేషన్ చేస్తే పోయిన అవయవం తిరిగి రాదు. తెలుగునాట ఆడవాళ్ల గర్భసంచి ఆపరేషన్ల లెక్క చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం! వీటన్నిటికీ కమిషనే కారణమని ఎవరూ అనలేరు. నిజంగా అవసరమై చేసినవీ ఉంటాయి. భయం, పేదరికం, సరైన వైద్యం అందుబాటులో లేకపోవడం... కారణాలు అనేకం. కానీ నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళ్లిన మహిళకు 'గర్భసంచి తీసేయకపోతే క్యాన్సర్ వస్తుంది' అని ఎవరైనా చెబితే, ఆ మాట వెనక ఆమె మేలు ఉందా, ఆపరేషన్ మీద వచ్చే వాటా ఉందా అన్నది ఆమెకు తెలిసే దారి లేదు. దేశంలో అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో జోక్యం చేసుకుంది. వీటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కాదన్నవాళ్లూ ఉన్నారు

డాక్టర్లందరూ ఇంతేననుకుంటే అది అన్యాయమే అవుతుంది. ఈ గుట్టు విప్పినవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లే మరి! పుణెకు చెందిన 'సాథీ' సంస్థ తరఫున డాక్టర్ అరుణ్ గద్రే దేశంలోని 78 మంది వైద్యులతో మాట్లాడారు. కమిషన్లు, అక్కర్లేని పరీక్షలు, పెద్ద ఆసుపత్రులు పెట్టే టార్గెట్లు... తమ వృత్తిలో జరుగుతున్న వాటి గురించి వాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ మాటలు 2015లో నివేదికగా వచ్చాయి. మరుసటి ఏడాది డాక్టర్ అభయ్ శుక్లాతో కలిసి ఆయన వాటిని 'డిసెంటింగ్ డయాగ్నసిస్' అనే పుస్తకంగా తెచ్చారు.

2017లో ముంబయిలోని ఏషియన్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ ఏకంగా హోర్డింగులే పెట్టింది. తమ దగ్గర నిజాయితీగల సలహా దొరుకుతుందనీ, డాక్టర్లకు కమిషన్ ఇవ్వమనీ వాటి సారాంశం. నిజానికి ఏ ఆసుపత్రీ చెప్పుకోనక్కర్లేని మాట అది. అయినా పెద్ద దుమారమే రేగింది. వైద్యులందర్నీ అవమానిస్తున్నారంటూ వైద్యసంఘం నుంచి అభ్యంతరాలొచ్చాయి. అదే ఏడాది మహారాష్ట్ర ప్రభుత్వం మాజీ డీజీపీ ప్రవీణ్ దీక్షిత్ అధ్యక్షతన కమిటీ వేసి, ఈ 'కట్ ప్రాక్టీస్'ను అడ్డుకునే బిల్లు ముసాయిదా రాయించింది.

నిబంధన ఉంది... కానీ!

మన దగ్గర దీనికి నిబంధన లేదా అంటే, స్పష్టంగా ఉంది. భారత వైద్యమండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళిలోని 6.4 నిబంధన ఇదే. రోగిని పంపినందుకు, సిఫారసు చేసినందుకు, తెచ్చిపెట్టినందుకు డాక్టరు ఎలాంటి కమిషన్, బహుమతి, బోనస్ తీసుకోకూడదు. అడగకూడదు. ఇవ్వనూ కూడదు. రక్తం నమూనాలు పంపడానికీ ఇదే వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే వైద్యమండలి రిజిస్టరులోంచి పేరు తీసేయొచ్చు. అంటే ఆ కాలమంతా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు.

2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి ప్రకటించింది. మందుల పేర్లు రాసే పద్ధతి మొదలైనవాటి మీద వైద్యుల నుంచి నిరసన రావడంతో మూడు వారాలకే దాన్ని పక్కనపెట్టి, మళ్లీ 2002 నాటి నియమాలనే అమల్లోకి తెచ్చింది.

మరి ఇంత స్పష్టమైన నిబంధన ఉండీ ఎందుకు పనిచేయడం లేదు? మూడు కన్నాలున్నాయి. మొదటిది, ఇది రిజిస్టరైన డాక్టర్లకే వర్తిస్తుంది. కమిషన్ ఇచ్చే కార్పొరేట్ ఆసుపత్రిగానీ, డాక్టరు కాని యజమాని నడిపే ల్యాబ్‌గానీ వైద్యమండలి పరిధిలోకి రావు. ఆసుపత్రుల మీద మండలికి అధికారం లేదన్న విషయాన్ని ఢిల్లీ హైకోర్టు 2014లో ఒక కేసులో స్పష్టం చేసింది. ఆర్‌ఎంపీ పేరు మండలి రిజిస్టరులోనే ఉండదు కాబట్టి తీసేయడానికీ ఏమీ లేదు. రెండోది, విచారణ చేసేది కూడా డాక్టర్లే. మూడోదే అసలైనది. ఫిర్యాదు చేయాలి, రుజువు చూపాలి. ఇచ్చినవాడు చెప్పడు, తీసుకున్నవాడు చెప్పడు. చెప్పాల్సిన రోగికి ఆ సంగతే తెలియదు!

అమెరికా ఏం చేసింది?

ఈ జబ్బు మనకే పరిమితం కాదు. అమెరికాలో వందేళ్ల కిందటే ఇది ముదిరింది. అక్కడ 1913లో ఏర్పడిన సర్జన్ల కళాశాల, ఫీజులో వాటాలు పంచుకోబోమని సభ్యులతో ప్రమాణం చేయించేది. ప్రమాణాలతో పని జరగలేదు. 1972లో ప్రభుత్వ ఆరోగ్య పథకాల రోగుల్ని పంపినందుకు డబ్బు ముట్టజెప్పడాన్ని నేరంగా మార్చారు. డాక్టర్లు మరో దారి చూసుకున్నారు. కవరు తీసుకోవడం ఎందుకు, స్కానింగ్ సెంటర్లోనే పెట్టుబడి పెడితే పోలా!

దాని ఫలితమేమిటో 1990లో డాక్టర్ బ్రూస్ హిల్‌మన్ బృందం లెక్క తేల్చింది. జలుబు-దగ్గు, నడుంనొప్పి, గర్భం, మగవాళ్లలో మూత్రం ఇబ్బంది... ఈ నాలుగింటికి డాక్టర్లు ఎన్ని స్కాన్లు, ఎక్స్‌రేలు తీయిస్తున్నారో చూశారు. సొంత యంత్రం ఉన్న డాక్టర్లు, బయటికి పంపే డాక్టర్లకన్నా నాలుగు నుంచి నాలుగున్నర రెట్లు ఎక్కువ తీయిస్తున్నారట. రోగులవి అవే ఇబ్బందులు. తేడా అల్లా యంత్రం ఎవరిదన్నదే!

కాలిఫోర్నియాకు చెందిన పార్లమెంటు సభ్యుడు పీట్ స్టార్క్ పట్టుబట్టడంతో 1989లో చట్టం వచ్చింది. తనకు గానీ కుటుంబసభ్యులకు గానీ ఆర్థిక సంబంధం ఉన్న ల్యాబ్‌కి డాక్టరు ప్రభుత్వ పథకాల రోగుల్ని పంపకూడదు. 1992లో ల్యాబులతో మొదలై, 1995 నుంచి స్కానింగులు, ఫిజియోథెరపీ వంటివాటికీ విస్తరించింది. దీనికి మినహాయింపులూ చాలానే ఉన్నాయి. కానీ బలమంతా ఒక్కచోట ఉంది. డాక్టరుకు చెడు ఉద్దేశం ఉందని నిరూపించనక్కర్లేదు. సంబంధం ఉంది, రోగిని పంపాడు అని తేలితే చాలు.

సౌత్ కరోలినాలోని టుయోమీ ఆసుపత్రి కథ అక్కడి డాక్టర్లందరికీ పాఠమైంది. రోగులు చేజారిపోకుండా ఆ ఆసుపత్రి 19 మంది నిపుణులతో పార్ట్‌టైం ఒప్పందాలు చేసుకుంది. అలాంటి ఒప్పందానికి ఒప్పుకోని ఒక ఎముకల డాక్టరు కోర్టుకెక్కాడు. 2013లో ఆసుపత్రి మీద 23.7 కోట్ల డాలర్ల తీర్పు పడింది. చివరికి 2015లో 7.24 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అక్కడి చట్టం ప్రకారం గుట్టు బయటపెట్టిన ఆ డాక్టరుకూ అందులోంచి వాటా దక్కింది. అమెరికాలో ప్రాక్టీసు చేస్తున్న మన తెలుగు డాక్టర్లంతా ఈ చట్టాలకు లోబడి పనిచేస్తున్నవాళ్లే.

అలాగని అక్కడ అంతా బాగుందని కాదు. తేడా ఒక్కటే. అక్కడ ఇచ్చిన ఆసుపత్రి కూడా దోషే. లోపలివాళ్లు నోరు విప్పితే చట్టం కాపాడుతుంది, ప్రతిఫలమూ ఇస్తుంది. ఏమీ తెలియని రోగి నెత్తిన భారం వేయదు. మనకు లేనిది అదే.

మనం ఏం చేయొచ్చు?

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. మందులు ఎక్కడ కొనాలో, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదేనని అందులో ఉంది. దాన్ని వాడుకోవచ్చు.

• 'ఈ పరీక్ష దేనికి డాక్టరుగారూ? ఫలితాన్ని బట్టి మందు మారుతుందా?' అని మర్యాదగా అడగండి. అవసరమైన పరీక్షకు రెండు మాటల్లో జవాబుంటుంది.

• 'వేరే చోట చేయించుకుంటే పర్వాలేదా?' అనండి. ఎందుకు కుదరదో కారణం చెబితే వినండి. కొన్ని పరీక్షలకు మంచి యంత్రం, అనుభవమున్న నిపుణుడు కావాలి. కారణం చెప్పకుండా 'అక్కడైతేనే చూస్తా' అంటే ఆలోచించండి.

• వెళ్లేముందు రెండు మూడు సెంటర్లకు ఫోన్ చేసి ధరలు కనుక్కోండి. ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందేమో అడగండి.

• ప్రభుత్వాసుపత్రుల్లో చాలా పరీక్షలు ఉచితం. తెలంగాణలో 2018లో మొదలైన 'తెలంగాణ డయాగ్నస్టిక్స్' అందుకోసం పెట్టిందే.

• పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో ఉంచండి. నిన్న చేయించిన పరీక్షను మళ్లీ రాస్తే చూపించండి. ఆసుపత్రి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నియమావళిలోనే ఉంది.

• ఆపరేషన్ అన్నారా? ప్రాణాపాయం లేకపోతే, మొదటి డాక్టరుతో సంబంధం లేని మరో డాక్టరు సలహా తీసుకోండి. గర్భసంచి, మోకాలు, వెన్నెముక ఆపరేషన్లకు ఇది మరీ ముఖ్యం.

• ఆధారం దొరికితే రాష్ట్ర వైద్యమండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆరు నెలల్లో తేల్చాలని నిబంధన.

ఒక్క జాగ్రత్త. గుండెనొప్పి, పక్షవాతం, ప్రమాదం లాంటి సమయాల్లో ఈ ప్రశ్నలతో కాలయాపన చేయకూడదు. అనుమానంతో పరీక్షలే మానేయడం, మందులు ఆపేయడం కమిషన్ కన్నా పెద్ద ప్రమాదం.

డాక్టర్ని ప్రశ్న అడగడమంటే ఆయన్ని శంకించడం కాదు. కమిషన్ ముట్టని డాక్టర్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కేసులు తగ్గినా, తోటివాళ్లు వింతగా చూసినా పట్టు వదలకుండా నెగ్గుకొస్తున్నారు. 'ఈ పరీక్ష ఎందుకు?' అన్న ప్రశ్న వాళ్లకేమీ కష్టం కాదు. పది ఇళ్లవాళ్లు అలా అడగడం మొదలుపెడితే, ఆ వీధిలో మొదట ఊపిరి పీల్చుకునేది ఆ డాక్టర్లే.